వెనక చక్రం కింద రాయి

అరవై ఒకటి. నా చేతిలో చీటీ మీద అరవై ఒకటి అని ఉంది, గోడ మీద ఎర్రదీపాల్లో యాభై రెండు వెలుగుతోంది, ఆ యాభై రెండు కూడా ఇరవై నిమిషాల నుంచి అలాగే వెలుగుతోంది, లోపలికి వెళ్ళినవాడు ఆఫీసరుకి పుట్టినప్పటి నుంచి తన కథంతా చెప్పుకుంటున్నట్టున్నాడు. ఈ కుర్చీలు ఎవరు కనిపెట్టారో గాని వాళ్ళని తీసుకొచ్చి ఇందులోనే కూర్చోబెట్టాలి, ఒకే ఇనప కడ్డీకి ఐదేసి చొప్పున బిగించారు, ఒకడు కాలు ఊపితే ఐదుగురం ఊగాలి. ఆ చివర కూర్చున్న పెద్దమనిషి గోళ్ళు కత్తిరించుకుంటున్నాడు. ఇంట్లో తలుపు వేసుకుని చేసుకోవలసిన పని పదిమందిలో, పైగా శ్రద్ధగా, ఒక్కో వేలూ వెలుతురుకి ఎత్తి చూసుకుంటూ. టప్పున ఒక ముక్క ఎగిరి నా చెప్పు పక్కన పడింది, పసుపుపచ్చగా, బొటనవేలిదే అయ్యుంటుంది. కాలు లాక్కున్నాను. సర్దుకుని కూర్చుందామని సీటు అంచు పట్టుకుంటే అడుగున మెత్తగా ఏదో వేలికి తగిలింది, ఎవడో నమిలి నమిలి అంటించిన గమ్, ఇంకా పూర్తిగా ఎండలేదు. నేను లాబ్‌లో పనిచేస్తాను, రోజుకి నలభై మంది రక్తం తీస్తాను, ఇక మిగతా సీసాల్లో ఏమేం వస్తాయో చెప్పక్కర్లేదు, అక్కడ నాకు ఎప్పుడూ కడుపులో తిప్పదు, ఎందుకంటే అక్కడ ప్రతిదానికీ మూత ఉంటుంది, మూత మీద పేరు ఉంటుంది. బయట మనుషులకి మూతలుండవు. అదే నా బాధ.

వేలు తుడుచుకోవడానికి బ్యాగులో కాగితం వెతికితే ముందు షాపు కవరుతో సహా ఆయింట్‌మెంట్ ట్యూబు చేతికొచ్చింది, సరే అని కొంచెం రాసుకున్నాను. రోజంతా రబ్బరు గ్లవ్స్, గంటకోసారి చేతులు కడిగే ఆ మందునీళ్ళు, నా అరచేతుల తోలు ఉల్లిపొరలా లేచి వస్తుంది. ఈ మందు తప్ప ఇంకేదీ పనిచెయ్యదు, ఇది ఊరంతటికీ ఒక్క షాపులోనే దొరుకుతుంది, తెమ్మని మా ఆయనకి మూడుసార్లు చెప్పాను, మూడోసారి గట్టిగా అరిచే చెప్పాను, వీధిలో వాళ్ళకి కూడా వినపడి ఉంటుంది. మొత్తానికి తెచ్చాడు. నిద్ర లేచేసరికి నా దిండు పక్కనున్న స్టూలు మీద పెట్టి ఉంది. ఆ సాయంత్రం "గుర్తుపెట్టుకుని తెచ్చారే" అంటే పేపర్లోంచి తలెత్తకుండా "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ"కి నేను పొంగిపోయి మర్నాడు ఆయన చొక్కాలన్నీ ఇస్త్రీ చేసిపెట్టాను. ఎన్నేళ్ళయిందో ఎవరైనా నాకోసం ఏదైనా తెచ్చి. యాభై మూడు. హమ్మయ్య, కదిలింది.

ట్రాఫిక్ వాళ్ళ నోటీసు పదకొండు రోజుల కిందట పోస్టులో వచ్చింది, కిటికీ కవరులో. ఆ కిటికీ కవర్లు చూస్తేనే నాకు ఒళ్ళు మంట, లోపలినుంచి మన పేరు మనల్నే తొంగిచూస్తుంటుంది. విప్పితే, ఫలానా గురువారం మధ్యాహ్నం పన్నెండూ పదికి, మీ కారు బస్సు ఆగే చోట అడ్డంగా నిలిపి ఉంచారు, జరిమానా కట్టండి, ఇదిగో ఫొటో. ఆ ఫొటోలో కారూ లేదు, రోడ్డూ లేదు, అగ్గిపెట్టంత నల్లటి మచ్చ, దాని కింద నా నంబరు. గురువారం! బుధవారం రాత్రంతా డ్యూటీ చేసి ఉదయం ఎనిమిదింటికి ఇంటికొచ్చి, కారు షెడ్లో పెట్టి, కర్టెన్లు దించుకుని పడుకుని నాలుగింటికి లేచాను. లేచి చూస్తే కారు ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది. ఇంక నేను పన్నెండూ పదికి బస్సులకి అడ్డంగా ఎప్పుడు వెళ్ళానట, నిద్రలో నడిపానా? ఎవడో దొంగవెధవ నా నంబరు రాయించుకుని తిరుగుతున్నాడు, అంతే. మా ఆయన "కట్టేసి ఊరుకోవచ్చు కదా, అక్కడంతా తిరగడం ఎందుకు" అన్నాడు. ఆయనకి అన్నీ కట్టేసి ఊరుకోవడమే. నేను ఊరుకోలేదు. కారు షెడ్డు దాటి బయటికి రాలేదని, తాళం నా దగ్గరే ఉందని, ఇది పచ్చి అబద్ధమని, మీ శాఖవాళ్ళకి కళ్ళున్నాయా అని, రెండు పేజీలు నా చేత్తో రాసి, ప్రతి పేజీ కింద సంతకం పెట్టి, షెడ్లో ఉన్న మా కారు ఫొటో జతచేసి పంపించాను. రాసినవి భోజనాల బల్ల దగ్గర పైకి చదివి వినిపించాను కూడా. మామయ్య, మా ఆయన తండ్రి, అప్పుడు టీలో రొట్టె ముంచుకుంటున్నాడు. ముంచిన ముక్క విరిగి గ్లాసులో పడిపోయింది, వేలుపెట్టి తీసుకోలేదు, అలాగే గ్లాసు పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. కాస్త చెవుడు, వినపడలేదేమో అనుకున్నాను.

మామయ్య సంగతి ఇప్పుడెందుకు వచ్చింది, అసలే చికాకుగా ఉంటే. ఆయన దగ్గు గురించి తలుచుకుంటే ఇక్కడ కూడా నా చెవిలో మోగుతుంది. పొద్దున్న నేను కళ్ళు మూసుకునే వేళకి సరిగ్గా మొదలుపెడతాడు, వాష్‌బేసిన్ దగ్గర, గొంతు అడుగునుంచి తవ్వి తీసినట్టు, తర్వాత ఉమ్మిన చప్పుడు, తర్వాత కొళాయి. గోడకి ఇవతల నేను. పళ్ళసెట్టు గ్లాసులో వేసి పెడతాడు, ఆ గ్లాసు ఏది, మంచినీళ్ళ గ్లాసు ఏది అని ప్రతిరోజూ నాకు పరీక్ష. తడి తువ్వాలు కుర్చీ మీద. దేనికి పడితే దానికి రబ్బరు బ్యాండు, కాగితాలకి, మాత్రలకి, రిమోటుకి, మూడేసి చుట్లు, తలుపు పిడికి రబ్బరు బ్యాండ్ల గుత్తి. ఇక ఆ రాళ్ళు! ముప్పై ఎనిమిదేళ్ళు లారీ నడిపాడు, క్లీనరుగా చేరిన మొదటి రోజున నేర్పిన పని ఇంకా వదల్లేదు, బండి ఆగిందంటే దిగి వెనక చక్రం కింద రాయి పెట్టాలి. ఇప్పుడు లారీ లేదు, కాబట్టి ఇంట్లో పెడతాడు. వాషింగ్ మిషను కింద గులకరాయి, బల్ల కాలి కింద మడతపెట్టిన అట్టముక్క, తలుపుకి చెక్కముక్క, చివరికి మా పాప చంటిదిగా ఉన్నప్పుడు తోపుడుబండికి కూడా, వరండా బల్లపరుపుగా ఉన్నా సరే. "దానికి బ్రేకుంది కదా మామయ్యా" అంటే "బ్రేకు యంత్రం కదమ్మాయ్, దానికేం తెలుసు" అంటాడు. నా కాలి వేలికి ఎన్నిసార్లు తగిలాయో ఆ రాళ్ళు. ఆ గది ఆయనది కాకుండా నాదైతే, పెరటివైపు చల్లగా, చీకటిగా, చప్పుడు లేకుండా, పగలంతా చచ్చినట్టు పడుకోవచ్చు. మూడేళ్ళుగా ఆ గది మీదే నా కళ్ళు. ఇది బయటికి చెప్పుకునే మాట కాదు. అయినా ఉన్నమాట.

"అరవై ఒకటి మీరేనామ్మా?" గుమస్తా, చొక్కా జేబు కింద సిరా మరక. "మీ ఫైలు. లోపలికి పిలిచేలోగా చూసుకోండి, ఇందులో ఫొటో పెద్దది వేశాం. ఆ పసుపు ఫారం ఉంది చూడండి, నడిపింది వేరేవాళ్ళయితే అది నింపండి. పేరు, మీకేమవుతారు, అంతే. ఆ తర్వాత మీకు సంబంధం లేదు, వాళ్ళింటికి మావాళ్ళే వస్తారు."

"నడిపింది మావాళ్ళెవరూ కాదండీ. దొంగనంబరు."

"అందరూ అదే అంటారమ్మా" అని వెళ్ళిపోయాడు. ఫైలు అంచంతా జిడ్డు, ఎవడో పకోడీ పొట్లంలా పట్టుకున్నట్టున్నాడు. పక్క సీటు మనిషి, ట్యూషన్లు చెప్పే మాస్టారట, అడక్కుండానే చెప్పాడు, ఫైల్లోకి తల దూర్చాడు. నోట్లోంచి నిన్నటి భోజనం వాసన. "ఆ పసుపు ఫారమే మందండీ. ఇంట్లో ముసలివాళ్ళుంటే వాళ్ళ పేరు రాసి పారెయ్యండి. నేను మా అత్తగారి పేరు రాశాను. ఆవిడకి సైకిలు కూడా రాదు" అని కిసుక్కున నవ్వాడు. ఛీ. మనిషేనా. మొహం తిప్పుకుని ఫొటో తీశాను. యాభై ఐదు.

పెద్దదే, రంగుల్లో, వెనక నుంచి కొంచెం ఎడమకి జరిగి తీసింది. చూద్దాం దొంగగారి కారు. అదే రంగు, సరే, ఆ రంగువి వీధికి పదుంటాయి. అదే నంబరు, అది ఎలాగూ. ఎడమవైపు వెనక తలుపు మీద సొట్ట. నేను సొట్టనే చూస్తూ ఉండిపోయాను. అడ్డంగా జానెడు, కింద గీరుకుపోయిన చోట మా గేటు స్తంభం తాలూకు నీలం రంగు. ఎనిమిది నెలల కిందట మామయ్య కారు వెనక్కి తీస్తూ స్తంభానికి కొట్టాడు, కళ్ళల్లో పొర, స్తంభం కనపడలేదన్నాడు, మనిషంత స్తంభం. లైసెన్సు గడువు తీరి అప్పటికే ఏడాది దాటిందని ఆ రోజే బయటపడింది. పాప ఆ స్తంభం పక్కనే ఆడుకుంటోంది ఆ రోజు. మా ఆయన ఒంటికాలి మీద లేచాడు, "ఇంకోసారి స్టీరింగు ముట్టుకుంటే తీసుకెళ్ళి వృద్ధాశ్రమంలో దింపేస్తాను నాన్నా, ఇది మాత్రం ఖాయం" అన్నాడు, మర్నాడే అక్కడి ఫారాలు తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాడు, అవి ఇంకా అక్కడే ఉన్నాయి, నేను దుమ్ము కూడా తుడుస్తుంటాను. రెండో తాళం తీసి దాచింది నేనే, కుట్టుమిషను సొరుగులో.

కుట్టుమిషను. దానికి నెలకోసారి నూనె వేసేది ఎవరు?

కాదు, ఆగు, ఎవడో దొంగ షెడ్డు తెరిచి తీసుకెళ్ళి మళ్ళీ భద్రంగా తెచ్చి పెట్టాడేమో అని ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాను, మనసు ఎంత సిగ్గులేనిదో. అప్పుడు కనిపించింది. వెనక చక్రం కింద, రోడ్డు బల్లపరుపుగా, చీమ కూడా జారనంత చదునుగా ఉన్న చోట, నా చిన్నకారు వెనక చక్రానికి ఆనించి, కొబ్బరికాయంత రాయి. చక్కగా, వాలుగా ఉన్నవైపు చక్రానికి, చదునువైపు నేలకి. బస్సు బోర్డు కారుకి నాలుగడుగుల దూరంలో ఉంది, ఆ బోర్డు మీద అక్షరాలు నా అరచేయంత ఉన్నాయి. అది కనపడలేదు ఆయనకి. రాయి మాత్రం దొరికింది. నవ్వు రావాలి నిజానికి. ఆ కళ్ళతో ఆ రోడ్డు మీద, బస్సుల మధ్య, బడిపిల్లలు మధ్యాహ్నం భోజనాలకి వచ్చే వేళకి. ముసలాయనా, ఎవరినైనా గుద్దేసి ఉంటే? నేను ఇక్కడ రెండు పేజీలు సంతకాలు పెట్టి, కళ్ళున్నాయా అని వాళ్ళని అడిగి, మహా నిజాయితీపరురాలిలా చీటీ పట్టుకుని కూర్చున్నాను, ఆయన అక్కడ పెరట్లో టీ తాగుతూ కూర్చున్నాడు.

పెన్ను తీశాను. పసుపు ఫారం ఒడిలో పెట్టుకున్నాను. నడిపినవారి పేరు. చుట్టరికం. ఒక్క నిమిషం పని. దానికి తోడు ఇది అబద్ధం కూడా కాదు, పక్కనున్న మాస్టారిలా కాదు, నాది అక్షరాలా నిజం. "మావాళ్ళే వస్తారు" అన్నాడు గుమస్తా. వస్తారు, మా ఆయన తలుపు తీస్తాడు, ఫ్రిజ్ మీద కాగితాలు కిందికి దిగుతాయి, నేను నోరు మెదపక్కర్లేదు, ఎవరూ నన్ను ఒక్క మాట అనలేరు. పెరటివైపు గది. చల్లగా. దగ్గు ఉండదు. గ్లాసులో పళ్ళుండవు. చుట్టరికం అన్న చోట "మా" అని రాశాను, మామగారు అని రాయడానికి. యాభై ఎనిమిది.

అసలు ఎందుకు వెళ్ళాడు, అది తేలాలి కదా. చచ్చేంత భయపెట్టాక, ఫారాలు ఎదురుగా కనిపిస్తుండగా, అన్ని నెలలు తాళం జోలికే పోని మనిషి ఆ గురువారమే ఎందుకు బయల్దేరాడు? స్నేహితులా, ఉన్నవాళ్ళంతా పోయారు. ఫొటో మళ్ళీ చూశాను, ఈసారి కారుని కాదు, కారు వెనకాల. సైకిళ్ళు, ఒక కుక్క, ఒక షాపు, షాపు బోర్డు సగమే పడింది. ఆకుపచ్చ బోర్డు మీద తెల్ల అక్షరాలు. ఆ ఆకుపచ్చని నేను ఎక్కడ చూశానో తెలియక్కర్లేదు, నా ఒళ్ళోనే ఉంది, బ్యాగులోంచి తొంగిచూస్తున్న మందు కవరు మీద, అదే ఆకుపచ్చ, అదే సగం అక్షరాలు పూర్తిగా. ఊరంతటికీ ఒక్క షాపు. బుధవారం డ్యూటీకి వెళ్ళేముందు నేను అరిచాను, వీధిలో వాళ్ళకి వినపడేలా. గురువారం సాయంత్రం లేచేసరికి స్టూలు మీద. కవరు నోరు మడిచి, దానికి రబ్బరు బ్యాండు. మూడు చుట్లు. నా చేత్తోనే విప్పాను, విప్పి ఆ రబ్బరు బ్యాండుని చెత్తబుట్టలో పారేశాను, చిరాగ్గా, ఇల్లంతా ఇవే అనుకుంటూ. చూశాను గాని చూడలేదు.

అరచేతులు వాసన చూసుకున్నాను. మందు వాసన. మా ఆయన "ఊఁ". పేపర్లోంచి తలెత్తకుండా, నిమ్మకు నీరెత్తినట్టు, తను తేని మందుకి "ఊఁ". అందులో అబద్ధం కూడా లేదు చూడండి, అబద్ధమాడటానికి కూడా ఆయనకి ఓపిక లేదు. ఆ సాయంత్రం ఎదురు కుర్చీలోనే ఉన్న మామయ్య ఆ "ఊఁ" విన్నాడు. విని ఊరుకున్నాడు. కొడుకుని కాపాడాడా, తనని కాపాడుకున్నాడా, నాకు తెలియదు. ఆ చొక్కాలు! ఆరు చొక్కాలు ఇస్త్రీ చేశాను నేను, చేతులు మండుతుంటే. నాకు ఆ గోళ్ళ మనిషి మీద అసహ్యం పోయింది, మాస్టారి మీద పోయింది, ఇంట్లో ఒకాయన మీదకి మొత్తం మళ్ళింది, ఆ తర్వాత అక్కడ కూడా నిలవలేదు. పసుపు ఫారం మీద నా చేతిరాత చూసుకున్నాను, "మా" అనే ఒక్క అక్షరం, గుండ్రంగా, ముచ్చటగా. ఎంత బాగా రాశావే అనుకున్నాను. నీ అక్షరానికి కూడా మూత పెట్టాలి.

"అరవై ఒకటి!"

లోపల ఆఫీసరు ఆడమనిషి, నా వయసే, కళ్ళజోడు తాడుకి కట్టి మెళ్ళో వేసుకుంది. బల్ల మీద సగం తిన్న బిస్కెట్టు, దాని చుట్టూ చీమలు. నా రెండు పేజీలు ఆవిడ చేతిలో. "కారు షెడ్డు దాటలేదని రాశారు. మాకు కళ్ళున్నాయా అని కూడా రాశారు" అంది, చదువుతూ. తర్వాత నోటీసు వచ్చినప్పుడు నేను పంపిన మా కారు ఫొటో తీసి, ఈ ఫొటో పక్కన పెట్టింది. రెండు సొట్టలూ ఒకటే. "ఇప్పుడు చెప్పండి. మీరు నడిపారా, ఇంట్లో ఇంకెవరైనానా?"

ఫారం నా చేతిలోనే ఉంది. మడిచాను. ఇంకోసారి మడిచాను.

"నేనేనండీ."

"మరి ఇదంతా?"

"భయపడి రాశాను."

"ఈ రాయేంటి?" అని పెన్నుతో చూపించింది. "కారుకి రాయి పెట్టడం నేనెక్కడా చూళ్ళేదు."

"నేనే పెట్టానండీ. బ్రేకు... యంత్రం కదా."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు, రోజుకి వందసార్లు నేను చూసే చూపే అది, నా మీద పడటం మాత్రం ఇదే మొదలు. "చదువుకున్నవాళ్ళలా ఉన్నారు. తప్పు చేసి, పైగా మామీదే ఎదురు రాసి, సంతకాలు కూడా పెట్టి. మీలాంటివాళ్ళని చూస్తేనే అసహ్యం వేస్తుందండీ నాకు" అంది. నిజం చెప్పి పడెయ్యాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని రాయమంది, తప్పుడు మాట రాసినందుకు నా పేరు మీద హెచ్చరిక నమోదవుతుందంది, ఇంకోసారైతే లైసెన్సు ఉండదంది. రాశాను. సంతకం పెట్టాను. ఈసారి రాసిందీ అబద్ధమే. మొదటిది మాత్రం నిజమనుకుని రాశాను.

బయట ఎండ మొహాన కొట్టింది. కారు దగ్గరికి నడుస్తూ లెక్కగా ఆలోచించాను, ఇక తాళం కుట్టుమిషనులో ఉండదు, నా దిండు కింద ఉంటుంది. సోమవారం సెలవు పెట్టి ఆయన్ని కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాలి, దారిలో మొహం వాచేలా తిట్టాలి, మందు మాట మాత్రం ఎత్తకూడదు, ఎత్తితే ఆయన సిగ్గుపడతాడు, నేను కూడా. ఆ దగ్గు మీద అసహ్యం పోయిందా అంటే పోలేదు. ఎందుకు పోతుంది? రేపు పొద్దున్న సరిగ్గా ఎనిమిదిన్నరకి మళ్ళీ మొదలుపెడతాడు.

కారెక్కబోయి ఆగాను. ఆ గురువారం దగ్గర్నుంచీ మలుపు తిరిగినప్పుడల్లా వెనక గడగడమని చప్పుడు, మెకానిక్‌కి చూపిస్తే ఏం లేదమ్మా అన్నాడు, వాడినీ తిట్టుకున్నాను. వెళ్ళి డిక్కీ తెరిచాను. స్టెప్నీ వెనక, పాత బనియను గుడ్డలో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, రాయి. బనియను చెమటవాసన. మడతల్లో బంక. విప్పి చేతిలోకి తీసుకున్నాను, పక్కనే మురిక్కాలవ ఉంది, విసిరేస్తే పోతుంది. ఫోను మోగింది. మా ఆయన.

"ఏమయింది? కారు మనది కాదని తేల్చారా?"

రాయి బరువుగా ఉంది. ఒకవైపు అరిగి నున్నగా ఉంది, ఎన్నేళ్ళదో, ఏ లారీ కిందనుంచి తెచ్చుకున్నాడో.

"ఊఁ" అన్నాను.

ఫోను పెట్టేసి, రాయిని మళ్ళీ ఆ గుడ్డలోనే చుట్టి, రబ్బరు బ్యాండు తిప్పాను, ఒకటి, రెండు, మూడు. ఈసారి దొర్లకుండా స్టెప్నీకీ మూలకీ మధ్య గట్టిగా ఇరికించి డిక్కీ వేశాను. చేతులు కడుక్కోవాలనిపించలేదని అబద్ధం చెప్పను, ఇవాళ్టికి చెప్పినవి చాలు. కడుక్కోవాలనే అనిపించింది. దగ్గర్లో నీళ్ళు లేవు. అలాగే స్టీరింగు పట్టుకున్నాను.